వైజాగ్‌లో మొదటి నైట్రో ఆర్‌సీ టూరింగ్ కారు: ఎలాంటిది కొనాలి?

నైట్రో ఆర్‌సీ అంటే నైట్రోమీథేన్, మిథనాల్ కలిసిన ఇంధనంతో ఇంజిన్ నడిచే రిమోట్ కంట్రోల్ కారు, టూరింగ్ అంటే నున్నటి రోడ్డు మీద నడిపే రకం. 1/10 స్కేలు (అసలు కారులో పదో వంతు), ఫోర్ వీల్ డ్రైవ్, 2 సీసీ దాటిన చిన్న ఇంజిన్ ఉన్న రెడీ టు రన్ (ముందే బిగించి వచ్చే) సెట్ తీసుకోండి. బ్రాండ్ కన్నా ముందు గ్లో ప్లగ్ (ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించేది), క్లచ్ బెల్ (ఇంజిన్ శక్తిని గేర్లకి అందించే పార్టు), గేర్లు ఇక్కడికి తెప్పించుకోగలరా అన్నది చూడండి, చిన్న పార్టు దొరక్కపోతే కారు నెలల తరబడి అల్మారాలోనే. టూరింగ్ కారు నేలకి కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నున్నటి తారు ఉన్న ఖాళీ స్థలం కావాలి. ఆర్‌కే బీచ్ దగ్గర మాత్రం వద్దే వద్దు, గాలి ఫిల్టర్ దాటి ఇసుక ఇంజిన్ లోపలికెళ్తే పిస్టన్, అది కదిలే గొట్టం (స్లీవ్) గీసుకుపోతాయి. మన ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి, ఇంధనంలోని మిథనాల్ తేమ పీల్చేస్తుంది, డబ్బా మూత బిగించే ఉంచండి. మొదటి కొన్ని ట్యాంకులు ఇంధనం కాస్త ఎక్కువ వెళ్లేలా కార్బ్యురేటర్ సూది కాస్త తెరిచి, పొగ కనబడుతుండగా నెమ్మదిగా నడపండి. ఆట అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్ విప్పి రెండు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ (ఇంజిన్ లోపల తుప్పు పట్టకుండా వేసే నూనె) వేయండి.