పర్యావరణహిత పెళ్లిళ్ల ప్లానింగ్‌లో కెరీర్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పర్యావరణానికి హాని లేకుండా పెళ్లిళ్లు, ఈవెంట్లు ప్లాన్ చేసే పనిలోకి వెళ్తానంటోంది. ఇందులో నిలదొక్కుకోగలదా? ఏ కోర్సు చేయించాలి?
- ఒక తండ్రి

జవాబు: నిలదొక్కుకోగలదండీ. అయితే ముందు మామూలు ఈవెంట్ ప్లానర్‌గా చేయి తిరగాలి. భోజనాలు ఆలస్యమై, మైకు పనిచేయకపోతే, ఎంత పర్యావరణహితంగా చేసినా రెండోసారి ఎవరూ పిలవరు. అందుకే డిగ్రీ అవగానే ఏడాదో రెండేళ్లో ఏదైనా ఈవెంట్ సంస్థలోనో, కేటరింగ్‌లోనో పని చేయనివ్వండి. కోర్సుకు తొందరేం లేదు.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లు చాలామంది అలంకరణ దగ్గరే ఆగిపోతారు. అతిథులు దూరం నుంచి విమానాల్లో, కార్లలో వచ్చే ఈవెంట్లలో కర్బన ఉద్గారాల్లో పెద్ద వాటా సాధారణంగా ప్రయాణాలదే. అంటే వేదిక ఖరారు చేసిన రోజే సగం సంగతి తేలిపోతుంది. తర్వాత భోజనం. ఎంతమంది వస్తారో కచ్చితంగా తేల్చుకోవాలి, మిగిలింది పాడవకముందే ఎవరికి చేరాలో ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి. చెత్తకుప్పల అడుగున కుళ్లే ఆహారం నుంచి మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. జనరేటర్‌లో లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఈ లెక్కలు వేసి క్లయింటు ముందు పెట్టగలిగినవాళ్లు తక్కువ. మీ అమ్మాయికి అవకాశం అక్కడే ఉంది.

వస్తువుల గురించి కూడా లోతుగా తెలియాలి. పూలకాడలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ దిమ్మనే తీసుకోండి. నీళ్లు పీల్చుకుని మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. అది ప్లాస్టిక్. ఆ పొడి నీళ్లలో కలిసిపోతుంది. బ్రిటన్‌లోని ఉద్యానవన సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. వైరు మెష్, నీళ్ల పాత్ర ఉంటే అదే పని మళ్లీ మళ్లీ చేసుకోవచ్చు. కంపోస్టబుల్ (ఎరువుగా మారేవి) అని అమ్మే పీఎల్ఏ, అంటే మొక్కల పిండిపదార్థంతో చేసిన ప్లాస్టిక్ గ్లాసులు కూడా పెరట్లో పాతిపెడితే మట్టిలో కలిసిపోయేవి కావు. వాటికి 60 డిగ్రీల దగ్గరి వేడి ఉండే కంపోస్ట్ ప్లాంటు కావాలి. అది అందుబాటులో లేకపోతే కడిగి వాడే గ్లాసులే మేలు.

చదువు విషయానికొస్తే, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) తెచ్చిన ఐఎస్ఓ 20121 ప్రమాణాన్ని బాగా అర్థం చేసుకోమనండి. ఈవెంట్లను సుస్థిరంగా నిర్వహించడం కోసమే 2012లో, లండన్ ఒలింపిక్స్ జరిగిన ఏడాదే వచ్చింది. 2024లో సవరించారు. పెళ్లివారు దీని గురించి అడగరు కానీ పెద్ద కంపెనీల సదస్సులకు ఇది పనికొస్తుంది. పెళ్లిళ్ల ఆదాయం సీజన్‌ను బట్టి ఉంటుంది కాబట్టి రెండూ చేతిలో ఉంచుకోవాలన్నది నా అభిప్రాయం.

ఈలోగా బంధువుల్లో జరిగే చిన్న వేడుక ఒకటి ఆమెకు అప్పగించండి. ఎంత వండారు, ఎంత మిగిలింది, ఎన్ని సంచుల చెత్త తేలింది, అది ఎక్కడికి వెళ్లింది, అన్నీ రాసి ఉంచమనండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ కన్నా ముందు ఆ కాగితమే చూపించొచ్చు.