పెరట్లో తుంగ ఎంత పీకినా వస్తోందా? మా పర్లాకిమిడి పెరటి కథ

గుణుపూర్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఇంటి వెనక రెండు సెంట్ల పెరడు ఉంది. కూరగాయలు వేద్దామంటే నిండా తుంగ, గోడ వారన వయ్యారిభామ. వారం వారం పీకిస్తున్నా వాన పడగానే మళ్లీ మామూలే. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, మందు కొట్టాలంటే భయం. ఏం చేయాలి?"

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మీరు పడుతున్న బాధ నేను నాలుగేళ్లు పడ్డాను. ముందుగా చెప్పాల్సింది ఏంటంటే, ఈ రెండూ ఒక జాతి కలుపు కాదు. తుంగ బలమంతా భూమిలోని గడ్డల్లో ఉంటుంది, వయ్యారిభామ బలమంతా విత్తనంలో. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. నేను రెండింటికీ గునపమే మందు అనుకుని రెండేళ్లు పోగొట్టుకున్నాను.

మా పెరట్లోకి తుంగ దానంతటది రాలేదు, డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్నాను. మడులు కాస్త ఎత్తు చేద్దామని ఏటి ఒడ్డు మట్టి ఒక ట్రాక్టరు తోలించాను. మెత్తగా, నల్లగా ఉంటే చూసి మురిసిపోయాను. పదిహేను రోజులు తిరక్కుండానే మడి నిండా సూదుల్లా మొలకలు. గడ్డే కదా, తవ్విస్తే పోతుందని కూలి మనిషిని పిలిచాను. కొండ మీది సవర పల్లె నుంచి వచ్చే ఒక పెద్దామె వచ్చింది. నా చేతిలో గునపం చూసి నవ్వి, "బావూ, అలా పొడిస్తే అది సచ్చిపోద్దా? పిల్లల్ని పెట్టుకుంతాది" అంది. నేను వినలేదు. మడి మొత్తం తిరగేయించాను. తర్వాతి వానకి చాప పరిచినట్టు లేచింది.

ఆమె మాటలో నిజం ఎంతో తెలియాలంటే మీరూ ఒక్కసారి ఈ పని చేసి చూడండి. వాన వెలిసిన మర్నాడు ఒకే ఒక్క తుంగ మొక్కను, చుట్టూ మట్టి స్క్రూడ్రైవర్‌తో గీక్కుంటూ, తెగకుండా తీయండి. నాకు అరగంట పట్టింది. మొక్క మొదట్లో చిన్న ఉబ్బు, అందులోంచి ఇనప తీగలాంటి సన్నటి కాడ, బెత్తెడు దూరంలో శనగగింజంత నల్లటి గడ్డ, మళ్లీ కాడ, మళ్లీ గడ్డ. అలా పూసల దండలా ఏడు వచ్చాయి. ఒకటి గోటితో చీల్చితే లోపల తెల్లగా, ఘాటైన వాసన. పచారి కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఇవే. మా అమ్మయితే "పారేయకురా, నలుగుపిండిలోకి పనికొస్తాయి" అని డబ్బాలో దాచింది కూడా.

దండ తెగకుండా ఉన్నంతసేపు ముందున్న గడ్డ మొలిచి, వెనక వాటిని నిద్రపుచ్చుతుంది. గునపంతో పొడిచి తెంపామా, ఏ ముక్కకా ముక్క మేలుకుంటుంది. చేత్తో పీకినా అంతే, ఆకు చేతికి వస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది.

మందు సంగతి కూడా చెప్తాను. కొట్లో ఒకతను ఏదో సీసా ఇచ్చాడు. కొట్టిన రెండో రోజుకే పెరడంతా మాడిపోయింది. మా ఆవిడకి చూపించి గొప్పలు పోయాను. మూడు వారాలకి మళ్లీ పచ్చగా లేచింది. తర్వాత తెలిసింది, అది పారాక్వాట్, తగిలిన ఆకును కాలుస్తుందే తప్ప గడ్డ దాకా దిగదు. పైగా మనిషి కడుపులోకి వెళ్తే దానికి విరుగుడే లేదు. పిల్లలున్న ఇంట్లోకి ఆ సీసా రానివ్వకండి. గ్లైఫోసేట్ అని ఇంకో కలుపు మందు ఉంది, అది గడ్డ దాకా దిగుతుంది, నిజమే. కానీ 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చెరకు, మొక్కజొన్న రైతులు తుంగకి వాడే హాలోసల్ఫ్యూరాన్ ఉంది, అది మీ వంకాయ, టమాటా మడికి తగింది కాదు. కాబట్టి మందు ఆలోచన పక్కన పెట్టండి.

కలుపు లేవకుండా నేల మీద కప్పే నల్ల ప్లాస్టిక్ మల్చింగ్ షీటు కూడా పరిచి చూశాను. తుంగ మొలక మొన ఎంత వాడిగా ఉంటుందంటే, పల్చటి షీటును గుచ్చుకుని పైకి వచ్చేసింది. నెలకే షీటు జల్లెడ అయింది.

చివరికి పని చేసింది ఏంటంటే, దాన్ని ఆకలికి మాడ్చడం. ఆకు ఎండను తిని గడ్డకు పంపకపోతే గడ్డ తన నిల్వ ఖర్చు పెట్టుకుని కొత్త ఆకు వేయాలి. అలా దాన్ని పదే పదే ఖర్చు పెట్టించాలి. ఐదారు ఆకులు రాకముందే, అంటే దాదాపు పదిహేను రోజులకోసారి, దోకుడుపారతో మట్టి మట్టానికి చెక్కేసేవాణ్ణి. గునపం జోలికి పోలేదు. రెండుసార్లు బద్ధకించి నెల వదిలేశాను, ఆ నెలలో అది కొత్త గడ్డలు పెట్టేసుకుంది. మళ్లీ మొదటికొచ్చింది.

బాగా ముదిరిన ఒక్క మడికి మాత్రం మొండిపని చేశాం. తుంగ గడ్డల్లో ఎక్కువ భాగం పైన జానెడు లోతులోపే ఉంటాయి. ఎండాకాలంలో, మట్టి పొడిగా ఉన్నప్పుడు, ఆ జానెడు మట్టిని తీసి తాపీ పనివాళ్లు ఇసుక జల్లించే జల్లెడలో పోశాం. గడ్డలు జల్లెడ మీద నిలిచాయి. నాలుగడుగుల మడికి ఒక చిన్న బకెట్ నిండింది! రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి మేడ మీద రెండు వారాలు ఆరబోసి, ఎండిపోయాక నీళ్ల పొయ్యిలో వేశాం. చెత్తకుప్పలో మాత్రం వేయకండి, అక్కడే మొలుస్తాయి.

తర్వాత మృగశిర వానలకి ఆ మడిలో చిలగడదుంప తీగ ముక్కలు జానెడుకొకటి గుచ్చాం. ఒడియావాళ్లు కందమూల అంటారు కదా, అదే. తుంగకి నీడంటే అస్సలు పడదు. రెండు నెలలకి తీగ నేల కనపడకుండా కమ్మేసింది. తీగ కమ్మేదాకా మధ్యలో మొలిచినవి చెక్కుతూనే ఉన్నాం, ఆ ఓపిక తప్పదు. దుంపలు తవ్వేటప్పుడు ఒకదానికి తుంగ సూది ఈ చివర నుంచి ఆ చివరకి గుచ్చుకుపోయి కనిపించింది. చూసి మా అబ్బాయి "నాన్నా, దీనికి నీకన్నా పంతం ఎక్కువ" అన్నాడు. ఇప్పుడు ఆ మడిలో ఏడాదికి పది, పదిహేను మొక్కలు వస్తున్నాయి. పూర్తిగా పోయిందని చెప్పను.

ఇక వయ్యారిభామ. ఆకు క్యారెట్ ఆకులా ఉంటుందని ఇక్కడ ఒడియాలో గాజర ఘాస అంటారు. 1955 ప్రాంతంలో పుణెలో గుర్తించారు, అమెరికా గోధుమలతో వచ్చిందని చెప్తారు. ఇది తుంగంత తెలివైనది కాదు. వేరుతో సహా వచ్చేస్తుంది, చిక్కల్లా విత్తనంతోనే. ఒక్క మొక్క 10,000కు పైగా విత్తనాలు రాలుస్తుంది. అందుకని తెల్ల పూలు రాకముందే, వాన పడి నేల నానినప్పుడు పీకాలి. వట్టి చేతులతో వద్దు. మా ఆవిడకి మోచేతుల దాకా దద్దురు వచ్చి నెల రోజులు తగ్గలేదు. పూత రాని మొక్కల్ని ఎరువు గోతిలో వేయొచ్చు, పూసినవి వేయకూడదు. గోడ అవతల రోడ్డు వారన ఉన్నవాటికి లీటరు నీటికి 150-200 గ్రాముల ఉప్పు కలిపి, బాగా ఎండ ఉన్న రోజు కొడితే మాడతాయి. ఆ నీళ్లు కూరగాయల మడిలో పడితే మడి పాడవుతుంది, జాగ్రత్త. వానాకాలంలో దాని ఆకుల మీద తెల్లటి వీపు, నల్ల చారలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే చంపకండి. దీన్ని తినడానికే 1980లలో మెక్సికో నుంచి బెంగళూరుకి తెప్పించిన పురుగుల సంతతి అవి.

మీది రెండు సెంట్లే కాబట్టి మొత్తం ఒకేసారి పట్టుకోకండి. ఈ ఎండాకాలం ఒక మడి జల్లించండి, మిగతాది పదిహేను రోజులకోసారి చెక్కించండి. కొత్త మట్టి తోలించుకోవాలంటే ముందు ఒక గోనెడు తెచ్చి, తడిపి, మూడు వారాలు అలా వదిలేసి చూడండి. సూదులు లేస్తే ట్రాక్టరు వద్దని చెప్పేయండి.