చంటిదాన్ని ఎత్తే చేతులు

చిట్టితల్లీ,

మూడో నెల నిండగానే పాపని తీసుకుని బెంగళూరు వెళ్లిపోతావట, తోడెవరూ అక్కర్లేదన్నావట. మీ అమ్మ చెబుతుంటే గర్వంగానే అనిపించింది. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

టీకాల కార్డు, థర్మామీటరు, డాక్టరు నంబరు దగ్గర పెట్టుకో. నా దిగులంతా నీ బొటనవేళ్ల గురించే.

1986లో మీ అన్న మూడు నెలల వాడు. చంకల కింద బొటనవేళ్లు చాచి పట్టి, రోజంతా ఎత్తుతూ దించుతూ ఉండేదాన్ని. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర పోటు మొదలైంది. బాలింత వాతమన్నారు, నమ్మాను. ఆముదం కాచి రాయించుకున్నా, ఒకామె చేత వేలు పట్టి లాగించుకున్నా. లాగినప్పుడల్లా వాపు పెరిగేది. గుడ్డలు పిండలేను, సీసా మూత తిప్పలేను. అయినా పెదనాన్నకి చెప్పలేదు. బిడ్డని ఎత్తుకోలేని తల్లి అంటారని భయం. ఒకరోజు నీళ్లు పోసి, తడి ఒంటితో వాణ్ని లేపుతుంటే మణికట్టులో కత్తి దిగినట్టయి పట్టు జారింది. కింద చాచిన నా కాళ్లే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వాడు ఏడవను కూడా ఏడవలేదు. నేనే ఆ పీట మీద వణుకుతూ కూర్చుండిపోయాను. ఇప్పటికీ తడి పిల్లల్ని ఎవరెత్తినా నా చేతులు వాటంతటవే కిందకి చాచుకుంటాయి.

గుంటూరు ఎముకల డాక్టరు బొటనవేలిని పిడికిట్లో మూయించి, చేతిని చిటికెనవేలి వైపు వంచమన్నారు. ప్రాణం పోయినంత పనైంది. అదే పరీక్షట. 1895లో డి క్వెర్వేన్ అనే స్విస్ సర్జను వివరించిన జబ్బట. "ఇది నరం కాదమ్మా, కండరాన్ని ఎముకకి కట్టే తాడు. అలాంటివి రెండు ఒకే గొట్టంలోంచి బొటనవేలికి పోతాయి" అన్నారు. లంగా మడత బిగుసుకుంటే బొందు కదలదు చూడు, అలా ఆ గొట్టం మందమెక్కిందన్నమాట. పట్టీ కట్టారు, తగ్గక గొట్టంలోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. దాంతో నిమ్మళించింది. అప్పటికీ తగ్గనివాళ్లకి చిన్న ఆపరేషన్ ఉంది.

అందుకని పాపని ఎత్తేటప్పుడు అరచేతులు పైకి పెట్టు, ఒకటి పిరుదుల కింద, ఒకటి మెడ కింద. వేళ్లన్నీ దగ్గరగా ఉండాలి, మణికట్టు వంగకూడదు. పాలిచ్చేటప్పుడు ముంజేతి కింద దిండు పెట్టుకో. నిన్న వీడియో కాల్లో చూశాను, ఒళ్లో పాప, చేతిలో ఫోను, ఆ బొటనవేలు పైకీ కిందకీ ఆగకుండా! ఫోను పక్కన పెట్టవే తల్లీ.

సలుపు వస్తే క్రేప్ బ్యాండేజీ చుట్టి ఊరుకోకు, బొటనవేలు కూడా కదలనివ్వని పట్టీ కావాలి. మాత్రలు రాసేముందు పాలిస్తున్నానని డాక్టరుతో చెప్పు.

నీళ్లు మాత్రం నేల మీద కూర్చుని, కాళ్ల మీదే పొయ్యి. టబ్బు ఎత్తు మీద పెట్టకు. చెయ్యి ఏ కాస్త నొప్పి అన్నా, అర్ధరాత్రయినా సరే, ఫోన్ చెయ్యి. పొద్దున బండికి నేనుంటాను.

నీ పెద్దమ్మ