ఈఎన్‌టీ తీసుకుంటే పేషెంట్లు వస్తారా?

అంబాజీపేట నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ల అమ్మాయి కాకినాడలో హౌస్ సర్జన్సీ చేస్తోంది, నీట్ పీజీ రాసి ఈఎన్‌టీ తీసుకుంటానంటోంది. తెలిసినవాళ్లేమో రేడియాలజీయో జనరల్ మెడిసినో అయితే డోకా ఉండదు, ముక్కూ చెవీ చూపించుకోడానికి ఎంతమంది వస్తారు అంటున్నారట. మూడేళ్లు ఎంఎస్ చేశాక ఖాళీగా కూర్చోవాల్సి వస్తుందేమోనని ఆయన టెన్షన్.

ఖాళీగా కూర్చోదండి. కాకపోతే ఈ బ్రాంచికి రద్దీ ఏడాదంతా ఒకేలా ఉండదు, ఎప్పుడు ఏ కేసు వస్తుందో తెలిసి దిగాలి.

మీరున్నది కోనసీమ. వానలు మొదలయ్యాక గాలి నిండా తేమ, పిల్లలకి కాలవ స్నానాలు, పెద్దవాళ్లకి చెవిలో నాలుగు చుక్కల కొబ్బరినూనె, దురద పెడితే పిన్నీసు. చెవిలో ఫంగస్‌కి ఇంతకంటే ఏం కావాలి? అది ఒక్క ఓపీతో తేలదు. శుభ్రం చేసి చుక్కల మందు రాసి మళ్లీ రమ్మంటారు, కొందరికి రెండు మూడుసార్లు పడుతుంది, అంటే మనిషి ఒకరే అయినా ఓపీ చీటీలు మూడు. ఇక గోదారి ఎర్రబడితే పులస. పుస్తెలమ్మి కొన్నా ముల్లు ముల్లే కదా! గొంతులో గుచ్చుకున్నాక అన్నం ముద్దలు, అరటిపండు మింగేసి, అది ఇంకా లోపలికి దిగాక రాత్రి పదింటికి పరిగెడతారు (మా ఇంట్లో ఆ పని చేసింది నేనే).

చలికాలంలో పిల్లల జలుబులు, టాన్సిల్స్, ముక్కు వెనక ఉబ్బే కండ, అదే ఎడినాయిడ్స్. ఇక్కడో తిరకాసు ఉంది. ఆపరేషన్ కావాలని డిసెంబరులో తేలినా, పరీక్షలయ్యాక చూద్దామండి అంటారు తల్లిదండ్రులు. అందుకే ఓపీ కిటకిటలాడేది చలికాలంలో, ఆపరేషన్ థియేటర్‌లో పని పెరిగేది వేసవి సెలవుల్లో. నూర్పిళ్లప్పుడు ధూళికి తుమ్ములు, చెవిలో పురుగులు మామూలే. 2020 లాక్‌డౌన్‌లో మామూలు ఓపీ బాగా పడిపోయింది, మరుసటేడు మే, జూన్‌లలో కొవిడ్ తర్వాత ముక్కు లోపల పట్టే బ్లాక్ ఫంగస్ వచ్చేసరికి ఇదే డాక్టర్లకి ఎండోస్కోపు దించే తీరిక లేకపోయింది.

నా లెక్కలో అసలు డిమాండు ఇంకా ఆస్పత్రి గుమ్మం ఎక్కనే లేదు. తాతగారికి వినబడకపోతే వయసు కదా అని టీవీ సౌండు పెంచుతాం. రైస్ మిల్లులో ఇరవయ్యేళ్లు పనిచేసినాయన ఎదుటివాళ్లు గట్టిగా మాట్లాడట్లేదని విసుక్కుంటాడు. తల తిరిగితే బీపీ చూపించి, స్కాన్ తీయించి, అందరి దగ్గరికీ తిరిగి ఆఖర్న ఈఎన్‌టీకి వస్తారు, లోపలి చెవిలో కదిలిన సన్నటి రేణువుల వల్ల వచ్చే తిరుగుడైతే తలని ఒక పద్ధతిలో తిప్పి చాలామందికి కొన్ని నిమిషాల్లోనే తగ్గిస్తారు. ప్రపంచంలో సుమారు 43 కోట్ల మందికి వినికిడి లోపానికి సాయం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన ఊళ్లలో వాళ్లు ఆర్‌ఎంపీ దగ్గరే ఆగిపోతున్నారు.

కాబట్టి జనం వస్తారా అన్నది కాదు, అమ్మాయి ఎక్కడ కూర్చుంటుంది అన్నది చూడండి. రాజమండ్రి, కాకినాడల్లో పోటీ తప్పదు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు లాంటి చోట వారంలో ఒక్కో రోజు ఒక్కో నర్సింగ్ హోమ్‌కి విజిటింగ్‌గా వెళ్తూ మొదలుపెడితే మైక్రోస్కోపు, ఎండోస్కోపు, వినికిడి పరీక్ష గది అన్నీ మొదటి రోజే అప్పు చేసి కొనక్కర్లేదు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుని ఒకరిని మాత్రం వెతికి పెట్టుకోవాలి, వాళ్లు లేకపోతే చెవి సగం చూసినట్టే.

డబ్బు సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు రేడియాలజీ చదివిన స్నేహితురాలి జీతం చూసి మీ ఇంట్లో గొడవ రావచ్చు. అమ్మాయికి చిన్న రంధ్రంలోంచి చూస్తూ గంటల తరబడి ఓపిగ్గా చేతిపని చేయడం ఇష్టమైతేనే ఇది తీసుకోమనండి, నైట్ డ్యూటీలు తక్కువని మాత్రం కాదు. ముక్కులోంచి ఆగని రక్తానికి, పిల్లాడి గొంతులో అడ్డం పడిన వేరుశెనగ గింజకి రాత్రీ పగలూ తేడా ఉండదు.

సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూడకుండా అక్కడి పీజీలకి ఫోన్ చేసి రెండు అడగమనండి: చెవి వెనక ఎముక మీద చేసే మాస్టాయిడ్ ఆపరేషన్లు పీజీల చేతికి ఎన్ని ఇస్తున్నారు, ఆ ఎముక మీద ప్రాక్టీసు చేయడానికి ల్యాబ్ ఉందా.