పెట్టిన చోటును చూడడం గురించి మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి శుభాశీస్సులు.

ఆటోనగర్‌లో విడిభాగాల గోదాములో చేరి నెల తిరగకముందే, నీ చేతులతో పెట్టిన పెట్టెనే గంటసేపు వెతకవలసి వచ్చిందనీ, నీ జ్ఞాపకశక్తి మీద నీకే నమ్మకం పోతోందనీ మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు స్టోర్‌కీపరుగా పనిచేసినవాడిగా చెబుతున్నాను, నీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు. పెట్టెను పెట్టావు గాని, పెట్టిన చోటును చూడలేదు.

కన్ను తెరిచి ఉన్నంత మాత్రాన ఎదుట ఉన్నదంతా మనసుకు చేరదు. చేయి బారగా చాచి బొటనవేలి గోరును చూడు. ఒక్కసారికి మనకు స్పష్టంగా కనిపించేది దాదాపు ఆ గోరంత మేరే. సెకనుకు మూడు సార్లకు పైగా చూపు చోటు మారుస్తూ ఉండడం వల్ల మిగిలిన ర్యాకు మసకగా ఉందన్న సంగతి మనకు తెలియదు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమని ఒక వీడియో చూపిస్తే, ఆటగాళ్ల మధ్య నుంచి గొరిల్లా వేషంలో నడిచి వెళ్లిన మనిషిని సుమారు సగం మంది గమనించనే లేదు. ఫోనులో మాట్లాడుతూ సరుకు సర్దేవాడి పరిస్థితీ అంతే.

నేనూ ఒకసారి లారీ సరుకు దిగుతున్న హడావిడిలో, చలానా లెక్కలు తలలో తిప్పుకుంటూ, బేరింగుల పెట్టెను ఎక్కడో పెట్టి రెండు రోజులు వెతికాను. చివరకు అది నేను రోజుకు పదిసార్లు చేయి ఆనించే తూకం బల్ల కిందే దొరికింది. ఆనాటి నుంచి వస్తువును వదిలే ముందు ఒక్క క్షణం ఆగి, దాని పక్కన కదలకుండా ఉన్నదేదో చూసి, “ఫ్యాను బెల్టులు, కిటికీ పక్క ర్యాకు, కింది నుంచి రెండో అర, తుప్పు పట్టిన బోల్టుకు ఎదురుగా” అని పైకే అనుకునేవాణ్ని. కళాసీలు నవ్వుకునేవారు, నవ్వనీ. ఆనవాలు పట్టుకున్నది మరో అట్టపెట్టె అయితే మాత్రం ప్రయోజనం లేదు, సాయంత్రానికి అది అమ్ముడుపోతుంది.

పది వస్తువులను వరసగా పెట్టేసి తరువాత చూసుకుందాం అనుకోకు. అప్పటికప్పుడు చూసినవాటిలో మూడు నాలుగింటికి మించి మనసులో నిలవవు. ఒకే సరుకును రోజుకొక చోట పెట్టినా నిన్నటి చోటు ఇవాళ్టి చోటుతో కలిసిపోతుంది. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బండి నిలిపి, నిన్నటి వరుసలో వెతుక్కునేవారిని నువ్వూ చూసే ఉంటావు. ఇక వెతకవలసే వస్తే గోదామంతా తిరగకుండా, పెట్టేటప్పుడు నిలబడ్డ చోటికే వెళ్లి, అటే తిరిగి నిలబడి, అప్పుడు ఎవరు పిలిచారో, రెండో చేతిలో ఏముందో తలచుకో.

ఏ అరలో ఏ సరుకు ఎంత ఉందో రాసిపెట్టే చీటీ, అదే బిన్ కార్డు, రాయడం మాత్రం మానకు. నేను పైకి అనుకున్నవన్నీ అందులోనూ రాసేవాణ్ని, ఎందుకంటే నేను సెలవు పెట్టిన రోజున కళాసీలకు నా గొణుగుడు వినపడదు గదా.

ఇట్లు,
నీ మేనమామ