లాక్ ఫైల్, ఓణీ

చిట్టీ,

నువ్వొక్కదానివే కూర్చుని జావాస్క్రిప్ట్ కోడ్ నడిపే నోడ్‌లో ఆప్ రాస్తున్నావని, సంక్రాంతికల్లా జనంలోకి వదులుతావని అక్క ఫోన్‌లో చెప్పింది. వీధంతా చెప్పుకుని తిరిగాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని కొట్టి వేరేవాళ్లు రాసిన కోడ్ ప్యాకేజీలు దింపుకోవడం నీకు నేర్పక్కర్లేదు. అవి దిగే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని, కోడ్ మార్పులు దాచుకునే గిట్‌లో పెట్టకు, అంతే.

ఒక్క లైబ్రరీని, అదే ప్యాకేజీని, పిలిస్తే అది తన వాళ్లను, వాళ్లు తమ వాళ్లను వెంటేసుకొస్తారు. ఒక్క శుభలేఖకి బస్సెక్కి దిగినట్టు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినవాడు తీసేస్తే, ఆ పేరే విననివాళ్ల బిల్డులు, అంటే ఆప్ తయారయ్యే పనులు, కూడా ఆగిపోయాయి.

2018లో నీ ఓణీల ఫంక్షన్‌కి నేను రాలేదు. రైలు తప్పిందన్నాను. అబద్ధం.

ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దిగిందో కచ్చితంగా రాసిపెట్టుకునే ప్యాకేజ్ లాక్ ఫైల్ అప్పటికి కొత్త, అంతకు ముందు ఏడాదే ఎన్‌పీఎం 5తో వచ్చింది. ఇద్దరం కలిసి పనిచేస్తే చాలు, గిట్‌లో దాని మీదే కాన్‌ఫ్లిక్ట్, ఇద్దరి మార్పులూ ఢీకొనేవి. విసుగొచ్చి, గిట్ దాన్ని పట్టించుకోకుండా గిట్‌ఇగ్నోర్‌లో పడేశాను. వెర్షన్లు మనం అడిగే ప్యాకేజీల జాబితా ప్యాకేజ్ జేసన్‌లో ఉన్నాయి కదా అని ధీమా. అక్కడ ^1.4.2 అని టోపీ పెట్టుకుని ఉంటుంది చూడు, దానికి ‘ఇదే కావాలి’ అని కాదు అర్థం, ‘2.0.0 లోపు ఇంతకంటే కొత్తది ఏదైనా సరే’ అని. నీ ఫంక్షన్‌కి ముందు శుక్రవారం సాయంత్రం సర్వర్ మీద ఇన్‌స్టాల్ చేశాను. నా లాప్‌టాప్‌లో ఒకటి, అక్కడ ఇంకొకటి దిగాయి. మేం అడిగి తెచ్చుకున్నది కూడా కాదు, దాని కింద దాని కింద ఎక్కడో ఉన్న తేదీల లైబ్రరీ. బిల్లుల్లో రోజూ నెలా తారుమారు! నా కోడ్‌లో అక్షరం మారలేదని తెల్లారేదాకా అందరితో వాదించాను. శనివారం మధ్యాహ్నం రెండు ఫోల్డర్లూ పక్కపక్కన పెట్టుకుంటేగానీ దొరకలేదు. మేనమామ తేవాల్సిన ఓణీ నా బ్యాగులోనే ఉండిపోయింది. నువ్వు పీట మీద కూర్చుని గుమ్మం వైపే చూశావట.

ఆ కాన్‌ఫ్లిక్ట్‌కి మందు ఎంతో తెలుసా? ప్యాకేజ్ జేసన్ సరిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ కొడితే లాక్ ఫైల్‌ని ఎన్‌పీఎం తనే సర్దుకుంటుంది. కాస్త చదివుంటే తెలిసేది, వెధవ బద్ధకం.

కాబట్టి లాక్ ఫైల్‌ని గిట్‌లో కమిట్ చెయ్యి. సర్వర్ మీద ఇన్‌స్టాల్ కాదు, ఎన్‌పీఎం సీఐ వాడు. పాత ఫోల్డర్ ఊడ్చేసి లాక్ ఫైల్‌లో ఉన్నదే దింపుతుంది, దానికీ ప్యాకేజ్ జేసన్‌కీ పొసగకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగితే తిట్టుకోకు.

పేర్లు నిదానంగా టైప్ చెయ్యి తల్లీ, నీది చిన్నప్పటి నుంచీ తొందరే. 2017లో ఎవడో క్రాస్-ఎన్వ్ అనే ప్యాకేజీ పేరులో మధ్య గీత తీసేసి దొంగ ప్యాకేజీ పెట్టాడు. ప్యాకేజీ దిగుతూనే తన స్క్రిప్టు నడపగలదు, అలా జనాల ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పట్టుకుపోయింది. నీ పాస్‌వర్డులుండేది అక్కడేగా.

శుక్రవారం మాత్రం రిలీజ్ పెట్టకు. రోజు ఖాయం చేసి చెప్పు, రెండు రోజుల ముందుకి టికెట్ తీసుకుంటాను. రైలు సంగతి మీ అమ్మకి చెప్పకు.

మీ మామయ్య