కొండ కనబడుతోంది, దారి కనబడటం లేదు

ప్రశ్న: అన్నా, సేల్‌లో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అనే వీడియో గేమ్ కొన్నాను. మ్యాప్ తెరిస్తే మేఘాలు అడ్డం వస్తున్నాయి, దారులు ఆనవు. వైట్‌రన్ ఊరి నుంచి కొండ మీదున్న హై హ్రోత్‌గార్ మఠానికి వెళ్లాలి. గుర్తు చూపించిన వైపే నేరుగా నడిస్తే కొండ గోడలా నిలబడింది. గంటన్నర రాళ్ల మీద ఎగిరాను, ఒకటే టెన్షన్. టీఎంఎం అనే కోడ్ కొడితే అన్ని చోట్లూ మ్యాప్ మీద కనబడతాయని ఫ్రెండ్ అంటున్నాడు. కొట్టనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హన్మకొండ

జవాబు: కొట్టొద్దు తమ్ముడూ. నీకు తక్కువైంది ఊళ్ల గుర్తులు కాదు, దారులు. ఆ కోడ్ దారి చూపించదు. పైగా నువ్వు ఇంకా అడుగుపెట్టని గుహలూ కోటలూ అన్నీ ఒక్కసారే మ్యాప్ మీద పరిచేస్తుంది. నడుస్తూ నడుస్తూ ఉంటే పైన దిక్సూచి పట్టీలో కొత్త గుర్తు ఒకటి మెల్లగా తేలుతుంది చూడు, ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. దాన్ని పోగొట్టుకోకు.

2012లో హాస్టల్లో ఉండగా నేనూ ఆ కొండనే, నువ్వు ఎక్కిన వైపు నుంచే ఎక్కబోయాను. ఆ రాత్రి లాంగ్ నోట్‌బుక్ మధ్య పేజీలో పెన్సిల్‌తో దారులు గీయడం మొదలుపెట్టాను. గీస్తుంటేనే అర్థమైంది. స్కైరిమ్ మ్యాప్ ఎవరో కాగితం మీద గీసినట్టుండేది కాదు. ఆ నేలనే, వివరాలు తగ్గించి, ఆకాశం నుంచి చూపిస్తారు. అందుకే దారి మట్టిలో కలిసిపోతుంది. ఇదే గేమ్‌ల వరసలో 2002లో వచ్చిన మారోవిండ్‌లో క్వెస్ట్ బాణాలు (అప్పగించిన పనికి దిక్కు చూపే గుర్తులు) లేవు. ఏ దారి పట్టుకోవాలో, ఎక్కడ తిరగాలో మనుషులే మాటల్లో చెప్పేవాళ్లు, అది జర్నల్‌లో ఉండేది. స్కైరిమ్‌లో ఆ పని చాలావరకు బాణానికి అప్పగించారు. బాణానికి దిక్కు తెలుసు, మధ్యలో లోయ ఉందో కొండ ఉందో చెప్పదు.

కాబట్టి దారులున్న మ్యాప్ వేసుకో. నెక్సస్ మాడ్స్ అనే సైట్‌లో ‘ఎ క్వాలిటీ వరల్డ్ మ్యాప్’ అనే మాడ్ (గేమ్‌ని మార్చేందుకు అభిమానులు తయారుచేసిన ఫైల్) ఉచితంగా దొరుకుతుంది. అందులో దారులు గీసిన రకాన్ని ఎంచుకో. మేఘాలు తీసేసే చిన్న మాడ్‌లు కూడా ఉన్నాయి. వేసే ముందు సేవ్ ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకో, ఇది మాత్రం మర్చిపోవద్దు. మాడ్ వద్దనుకుంటే క్లెయిర్‌వాయెన్స్ అనే మంత్రం ఉంది. నేర్చుకోవడం సులువు. పట్టుకున్నంతసేపూ క్వెస్ట్‌కి పోయే దారి నేల మీద వెలుగుతుంది, మాజికా, అంటే మంత్రశక్తి, మాత్రం కరిగిపోతుంటుంది.

నోట్‌బుక్ మాత్రం మాడ్ వేసినా మానకు. గేమ్‌లో మన సొంత గుర్తు ఒకసారికి ఒక్కటే పెట్టగలం. ‘ఈ గుహలో తాళం తెరుచుకోని పెట్టె ఉంది, మళ్లీ రావాలి’ అని రాసుకోవడానికి మ్యాప్‌లో చోటే లేదు. నా పుస్తకంలో మార్కార్త్ ఊరి చుట్టుపక్కల పేజీ ఒక్కటే మూడుసార్లు చెరిపి గీశాను. అంత ఎగుడుదిగుడు నేల.

ఇక నీ కొండ. హై హ్రోత్‌గార్‌కి ఎక్కే 7,000 మెట్లు మొదలయ్యేది అవతల, తూర్పు వైపున్న ఐవార్‌స్టెడ్ అనే ఊరి దగ్గర. వైట్‌రన్ నుంచి కిందికి దిగి, వైట్ రివర్ వెంట తూర్పుకి పో. నదికి అటొకటి ఇటొకటి బురుజులు, మధ్యలో రాతి వంతెన కనిపిస్తాయి. అవి వాల్‌థైమ్ టవర్స్. అక్కడ దొంగలు సుంకం అడుగుతారు, జాగ్రత్త. అవి దాటి ముందుకెళ్లాక దక్షిణానికి మళ్లాలి. కూడలి వచ్చినప్పుడల్లా ఆగి, చెక్క బోర్డు మీద ఊరి పేరు చదువు. ఐవార్‌స్టెడ్‌లో వంతెన దాటితే మెట్లే. ఎక్కే దారిలో ఫ్రాస్ట్ ట్రోల్ అనే మంచు రాకాసి ఒకటి కాచుకుని ఉంటుంది. దానికి నిప్పంటే పడదు, మొదటి నుంచీ నీ దగ్గరున్న ఫ్లేమ్స్ మంత్రం చేతిలో పెట్టుకునే ఎక్కు.